బొరుగుల వెనక మంట: ధర్మవరం నుంచి కర్నూలు దాకా ఆరు రోజులు

కరెంటు, గ్యాసు, కట్టెల కరువు తిండి మీద, బతుకుతెరువు మీద ఎట్లా పడుతుందో బొమ్మల్లో చూపించాలంటే మొదట్లోనే ఒక చిక్కు వస్తుంది. ఖాళీ కంచాన్ని గీయొచ్చు. గ్యాసును ఎట్లా గీస్తారు? సిలిండరు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా బయటికి ఒకటే మాదిరి. అందుకని ఈ దారికి ఒక కొలత పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ కొలత లీటరు నీళ్లు.

30 డిగ్రీల నీళ్లు లీటరు మరగాలంటే 70 కిలోక్యాలరీల వేడి కావాలి. గ్యాస్ పొయ్యి మీద దానికి సుమారు 10 గ్రాముల గ్యాసు చాలు. మూడు రాళ్ల పొయ్యి మీదైతే 150 గ్రాముల ఎండుకట్టె పడుతుంది, ఎందుకంటే మంటలో గిన్నెకు తగిలేది ఎనిమిదో వంతే, మిగతాది వంట చేసే మనిషి మొహానికి, పైకప్పుకు పోతుంది. కరెంటు కెటిల్‌కు 0.09 యూనిట్ చాలు. ఆ కరెంటు బొగ్గుతో పుట్టిందైతే 60 గ్రాముల పైచిలుకు బొగ్గు ఎక్కడో మండినట్టు. పది, నూట యాభై, అరవై. ఈ మూడు అంకెల్ని తోలుబొమ్మలాట తెర మీద నీడలుగా నిలబెట్టడమే పని.

సామాను: కిరాణా కొట్లలో వాడే 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా, 5 కిలోల చిన్న సిలిండరు, థర్మామీటరు, సౌండు రికార్డరు, రెండు తెల్ల పంచెలు, కారు బ్యాటరీ. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరు నిండుగా ఉంటే ఇనుముతో కలిపి 30 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, ఈ కాటా దాన్ని మోయలేదు. చిన్న సిలిండరైతే 5 గ్రాముల తేడా కూడా పట్టిస్తుంది. సిలిండరుతో రైలెక్కకూడదు కాబట్టి వ్యానే దిక్కు. కాలం శివరాత్రికి ముందు, పసుపు ఉడికే రోజులు.

మొదటి రోజు: ధర్మవరం

పట్టుచీరల ఊరంటే అందరూ మగ్గం దగ్గరికే పోతారు. మంట ఉండేది అద్దకం దగ్గర. ముడిపట్టును సబ్బు, సోడా కలిపిన నీళ్లలో ఉడికిస్తే పైనున్న జిగురు కరిగిపోయి, దారం బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. తర్వాత రంగునీళ్లు 85, 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. నూరు లీటర్ల తొట్టి 90కి చేరడానికే 12, 13 కిలోల కట్టె పడుతుంది, ఆ సెగ నిలబెట్టడానికి వేసేది వేరే లెక్క. కట్టె పచ్చిదైతే సెగ ఎగుడుదిగుడు అవుతుంది, లడి (దారపు చుట్ట) ఒక చివర ముదురుగా, ఇంకో చివర లేతగా తేలుతుంది. అట్లాగని తెర్లనిచ్చినా ముప్పే, పట్టు మెరుపు చస్తుంది. "సెగ సన్నబడితే రంగు ఎక్కదు సా, మచ్చ పడతాది" అన్నాడు లడి తిప్పుతున్న పెద్దాయన, కర్ర మీంచి చూపు తీయకుండా.

పవర్‌లూమ్ షెడ్డులో ఇంకో సంగతి దొరికింది. కరెంటు పోయినప్పుడు మగ్గం ఆగిన చోట పడుగు (నిలువు దారాల) బిగువు సడలుతుంది. తిరిగి నడిచేటప్పుడు మొదటి రెండు మూడు పేకలు (అడ్డ దారాలు) ఒత్తుగానో పలచగానో పడి గుడ్డకు అడ్డంగా గీత మిగులుతుంది. నేతగాడు నాలుగు పేకలు ఊడదీసి సరిచేస్తాడు, తొందరలో ఉంటే వదిలేస్తాడు. అట్లా వదిలేసిన గుడ్డ మీటరున్నర దొరికింది. వెలుతురుకు అడ్డం పట్టి చూస్తే ఏడు గీతలు. ఎవరూ గీయని బొమ్మ అది, కరెంటు కోతల పద్దు. దీనికి మనం చేర్చాల్సింది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు తెరకు కట్టడమే.

రెండో రోజు: నిమ్మలకుంట

ధర్మవరం మండలంలోనే ఉన్న తోలుబొమ్మల ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది, జనం నోట ఇంకా అనంతపురమే. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇళ్ల ముందు ఇప్పుడు ఎక్కువగా ఆరుతుండేవి తోలు ల్యాంప్‌షేడ్లే. ఆట కట్టేవాళ్లు తగ్గారు, దీపాల తొడుగులు కొనేవాళ్లు పెరిగారు.

పని వరస ఇది. మేకతోలును నానబెట్టి వెంట్రుక గీకేస్తారు. లోపలి వైపు కొవ్వు పొరను ఇంకా జాగ్రత్తగా గీకాలి, ఎక్కడ మిగిలితే అక్కడ తెర మీద నల్ల మచ్చ పడుతుంది. పలకకు మేకులతో సాగదీసి ఆరబెడతారు. ఎండాక తోలు కాగితంలా, అద్దానికీ గోడకూ మధ్య రకంగా తయారవుతుంది. గీత గీసి, ఉలులతో చిల్లులు కొట్టి, రెండు వైపులా ఒకే రంగు వేస్తారు. ఒక వైపే వేస్తే వెలుతురులో రంగు సగమే పలుకుతుంది. నడుమ చీల్చిన వెదురుబద్ద, చేతులకు దారపు ముడులు. దేవుళ్ల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవాళ్లు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అది పోయింది.

సిలిండరు బొమ్మను రెండడుగుల ఎత్తు చేయించాలన్నది తలంపు. ఒక్క మేకతోలు సరిపోతుంది. పొట్టలో నిలువుగా వేలెడు వెడల్పు సందు కోసి, వెనక నల్లరంగు పూసిన తోలు పట్టీ ఒకటి పైకీ కిందికీ జారేట్టు రెండు దారపు కొక్కేలు పెట్టాలి. పట్టీ కిందికి జారేకొద్దీ సందులో వెలుతురు పెరుగుతుంది, గ్యాసు తగ్గుతున్నట్టు కంటికి ఆనుతుంది. పట్టీ సందుకన్నా రెండు వైపులా బియ్యపు గింజంత వెడల్పు ఉండాలి. ఎక్కువైతే ఇరుక్కుంటుంది, తక్కువైతే పక్కనుంచి వెలుతురు కారుతుంది.

అసలు సమస్య దీపం. ఈ ఆట ఆముదం దీపాలతో పుట్టి, పెట్రోమాక్స్ మీదుగా బల్బుకు వచ్చింది. పాత 100 వాట్ల బల్బులో తీగ చిన్నది, అందుకే నీడ అంచు గట్టిగా ఉండేది. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు బుర్ర ఆరు సెంటీమీటర్ల వెడల్పు, అంతటి నుంచీ వెలుతురు వస్తుంది. బల్బు బొమ్మకు 120 సెంటీమీటర్ల వెనక, బొమ్మ తెరకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నీడ అంచు అర సెంటీమీటరు మేర మసకబారుతుంది. బొమ్మను తెరకు ఈతముల్లుతో గుచ్చేస్తే తేడా తెలియదు, చేతిలో ఆడించే బొమ్మకే తంటా. పైన తెల్ల బుర్ర పీకేస్తే మంచిదనుకుంటారు కొందరు, అప్పుడు లోపలున్న చుక్కలన్నీ వేరువేరు దీపాలై ఆటలో నవ్వించే బంగారక్క బొమ్మ ఒక్కదానికే డజను నీడలు పడతాయి.

బైకు ముందు లైటులో పెట్టే 12 వోల్టుల 35 వాట్ల హాలోజెన్ బల్బు ఇక్కడ బాగా పనికొచ్చింది. తీగ గింజంత, నీడ కత్తితో కోసినట్టు. మూడు ఆంపియర్లు తాగుతుంది, 35 ఆంపియర్-గంటల కారు బ్యాటరీని సగం దాకా వాడినా అయిదు గంటలు నిలుస్తుంది, కరెంటుతో పనిలేదు. తోలుకు మూడడుగుల లోపలికి తేవద్దు, సెగకు అంచులు ముడుచుకుంటాయి. ఒక లోటు మాత్రం దీనితోనూ తీరదు. నూనె దీపం వణికేది, ఆ వణుకుతో బొమ్మ ఊపిరి పీల్చినట్టుండేది. బల్బును తీగతో వేలాడదీసి అప్పుడప్పుడూ వేలితో తాకడం తప్ప దానికి మందు కనబడలేదు.

కథ విషయంలో ఒక మాట. కరెంటు కష్టాల మీద ప్రత్యేకంగా ఆట కడితే అది సర్కారు ప్రచారంలా ఉంటుంది, జనం లేచిపోతారు. రామాయణం మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి తిట్టుకునే చోటు ఉంది కదా, ధరవరల గొడవంతా ఎప్పటి నుంచో అక్కడే నడుస్తోంది. ఆ చోటే సరైంది. "పొయ్యిలో పిల్లి లేచిందా?" అని పోలిగాడు అడగాలి. గ్యాస్ పొయ్యిలో పిల్లి పడుకునే చోటేదని బంగారక్క కసరాలి. అందుకే పిల్లి బొమ్మను సిలిండరు చుట్టూ చుట్టుకుని పడుకునేట్టు గీయించడమైంది.

మూడో రోజు: అనంతపురం చుట్టుపక్కల

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన చుట్టూ తిరిగే నేల. ఇక్కడ తిండి బోరు నుంచి, బోరు కరెంటు నుంచి వస్తాయి. 5 హెచ్‌పీ మోటారు తొమ్మిది గంటలు ఆడితే 40 యూనిట్లు, అంటే 28 కిలోల బొగ్గు. గోనెసంచిలో సగానికి పైన.

వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు ఇవ్వాలన్నది ఇప్పటి పద్ధతి. రాత్రి కరెంటు రోజుల్లో పుట్టిన అలవాటు మాత్రం పోలేదు, దాని పేరు ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేస్తుంది, చీకట్లో పాముల మధ్య ఎవరూ పోనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు కింద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే మాత్రం మొదటి దెబ్బకే ఫ్యూజులు పోతాయి, వోల్టేజీ కుంగుతుంది. వోల్టేజీ తగ్గిన మోటారు అదే నీళ్లు లాగడానికి ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. వేడి ఆంపియర్ల వర్గం లెక్కన పెరుగుతుంది, వైండింగ్ తీగ మీది పూత మాడుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా ఘోరం, మోటారు మూలిగి కాలిపోతుంది. ఆటో స్టార్టరు తీసేసి కెపాసిటరు పెట్టుకోండని కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లు చెప్పేది అందుకే. చేలో నీళ్లు ఆగిన వారానికి టమాటా పిందె రాలుతుంది. తెర మీద ఈ గొలుసంతా పట్టదు, మూలిగే మోటారు ఒక్కటి చాలు.

ఆ మూలుగును రికార్డరులో పట్టవచ్చు. గ్రిడ్ 50 హెర్ట్జ్‌ది, ట్రాన్స్‌ఫార్మరు మోత దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. హార్మోనియంలో అయిదు శ్రుతికి ఒక ముక్క పైన. కంచెకు బయటే నిలబడి, మైకును గాలికి గుడ్డ కప్పి పెడితే చాలు, లోపలికి చేయి పెట్టే పని లేదు. తోలుబొమ్మలాటలో హార్మోనియం అయిదులో పట్టి, వెనక ఈ మోత వదిలితే ముందు వరసవాళ్లకు అది తంబురా శ్రుతిలా వినిపిస్తుంది. ఫలానా మోత అని తెలిశాక ఎవరూ దాన్ని తంబురాగా వినలేరు.

మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల ఊరుబిండి (రోటి పచ్చడి). బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గెలకాలి. ముప్పావుగంట పొయ్యి వెలిగితే గ్యాసు నూరు గ్రాములు దాటుతుంది. ఊరుబిండికి కాయలు వేయించే సెగ తప్ప వేరేది లేదు, రోలే పని చేస్తుంది.

నాలుగో రోజు: తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల

తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్ల ముందు ఎక్కువసేపు ఆగలేదు. 2022 ఏప్రిల్‌లో బొగ్గు, కరెంటు కొరతతో డిస్కమ్‌లు పరిశ్రమలకు వారంలో ఒక రోజు పవర్ హాలిడే (కరెంటు సెలవు) పెట్టి, ఆగకుండా నడిచే ఫ్యాక్టరీలను సగం కరెంటుతో సర్దుకోమన్నాయి. రోజుకూలీ మీద నడిచే చోట సెలవు అన్న మాటే ఎకసెక్కం.

రాయలసీమ థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లు: 210 మెగావాట్లవి అయిదు, 600ది ఒకటి. దగ్గర్లో బొగ్గు గని లేదు, అంతా రైల్లో రావాల్సిందే. యూనిట్‌కు 0.7 కిలోల లెక్కన, నిండా నడిస్తే రోజుకు 27,700 టన్నులు, అంటే దాదాపు నాలుగు వేల టన్నుల గూడ్సు రైళ్లు ఏడు. రెండు రైళ్లు రాకపోతే ఏమవుతుందో ముద్దనూరు గేటు దగ్గర టీ తాగేవాళ్లకు పేపరు చూడకుండానే తెలుస్తుంది.

ఇక్కడ తీసుకోవాల్సింది బూడిద. ఎగిరే బూడిద సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతుంది, ఆ ఇటుకలు చేసే చోట అడిగితే డబ్బాడు ఇస్తారు. ముక్కుకు మాస్కు లేకుండా జల్లించకండి, రేణువు కంటికి కనబడనంత సన్నం. నీళ్లలో నానేసిన తుమ్మబంకతో కలిపితే చక్కటి పొగరంగు అవుతుంది. బంక తక్కువైతే ఆరాక రాలుతుంది, ఎక్కువైతే పగులుతుంది. నాలుగు పాళ్ల బూడిదకు ఒక పాలు చిక్కటి బంకనీళ్లతో మొదలుపెట్టి ఒక ముక్క మీద చూసుకోవడం మేలు.

అయిదో రోజు: మైదుకూరు

పసుపు తవ్వి ఉడకబెట్టే కాలం. దుంపల్ని నీళ్లలో ముప్పావుగంట నుంచి గంట ఉడికిస్తారు. నురుగు లేచి, తెల్లటి ఆవిరితో పసుపు వాసన గుప్పుమంటే దించే సమయం. పుల్ల గుచ్చితే దిగాలి. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము విరిగిన చోట లోపల రంగు సమంగా ఉండదు, ఎక్కువైతే పాలిపోతుంది. తర్వాత పది, పదిహేను రోజుల ఎండ. పాత పద్ధతిలో కట్టెతో పాటు ఎండిన పసుపు ఆకునే పొయ్యిలో వేస్తారు, ఇప్పుడు ట్రాక్టరు వెంట వచ్చే ఆవిరి బాయిలర్లు. ఆవిరికి నీళ్లూ కట్టే తక్కువే పడతాయి, కిరాయి మాత్రం చేతిలోంచి పోతుంది.

ఈ ఊళ్లో చేసిన గుడ్డే ఈ దారిలో దొరికిన అన్నిటికన్నా మంచి బొమ్మ. పెళ్లికూతురి కాళ్లకు పారాణి పెట్టడం తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు: పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం చేసే పనిని కట్టెబూడిద కూడా చేస్తుంది. గంజి తీసేసిన నూలు గుడ్డను లీటరు వేడి నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి ముంచి, నీడలో ఆరబెట్టాలి. పొయ్యిలోని కట్టెబూడిద ఒక గిన్నె, నీళ్లు మూడు గిన్నెలు, రాత్రంతా వదిలేసి పైన తేరిన నీటిని వంచుకోవాలి. వేళ్లకు జిడ్డుగా తగిలితే ఘాటు చాలినట్టు, అప్పుడు చేతులకు తొడుగు వేసుకోవాలి. కుంచెతో గీస్తే పచ్చటి గుడ్డ మీద గీత కళ్ల ముందే ఇటుకరంగుకు తిరుగుతుంది.

ఎర్రగుంట్ల బొగ్గుబూడిదను ఇట్లాగే నానబెట్టి గీస్తే లేత మచ్చ పడుతుంది, ఒక్కోసారి అదీ పడదు. కట్టెలో ఉన్న క్షారం బొగ్గుబూడిదలో అంతగా లేదు. అంటే ఇంటి పొయ్యి గుడ్డ మీద రాస్తుంది, థర్మల్ కేంద్రం రాయదు. ఒకే గుడ్డకు రెండు సగాలు. లోటు ఏమిటంటే, ఈ ఎరుపు నిలవదు. గాలి తగిలి నాలుగు రోజుల్లో గోధుమరంగుకు జారుతుంది, పసుపు ఎండకు వెలిసిపోతుంది. నిమ్మరసం చుక్క పడితే మచ్చ మాయం. బొమ్మ నిలవాలనుకునేవాళ్లు దీన్ని పెట్టెలో దాచాలి. మంట గురించిన బొమ్మ ఆరిపోతే తప్పేమీ లేదన్నది ఇక్కడి అభిప్రాయం.

ఆరో రోజు: ఓర్వకల్లు మీదుగా కర్నూలు

ఆళ్లగడ్డ, నంద్యాల, పాణ్యం దాటి ఓర్వకల్లు. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, 2017 నుంచి నడుస్తోంది. చూడటానికి నీళ్లులేని చెరువులా నల్లగా, చదునుగా ఉంటుంది, అరగంటలో చూడటం అయిపోతుంది. పగటి మోటార్లకు ఈ ఎండే ఆధారం. తోలుబొమ్మలాట రాత్రిది కదా, ఆ వేళకు ఇక్కడ ఒక్క యూనిట్ పుట్టదు.

కర్నూలులో చేరింది బొరుగుల (మరమరాల) బట్టీకి. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి మర పట్టిస్తారు. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, సన్నసెగ మీద ఆర్చి, చివరికి మండే ఇసకలో పోస్తారు. ఇసక 230, 250 డిగ్రీల మధ్య ఉండాలి. గింజలోని తడి ఆవిరై ఒక్కసారిగా బయటికి తోస్తేనే పొంగుతుంది. తడి ఎక్కువైతే గట్టి బొరుగు, తక్కువైతే గింజ గింజగానే మాడుతుంది. "ఇసక బాగా కాగల్ల సా, అప్పుడే పువ్వు మాదిరి లేచ్చాది" అంది జల్లెడ పట్టిన అక్క. గుప్పెడు బియ్యం పడింది, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు జల్లెడ నిండింది, ఇసక కిందికి జారిపోయింది.

పొయ్యిలోకి పోయేది వరి ఊక. అదే ఊకను ఇటుక బట్టీలూ బాయిలర్లూ కొంటాయి, కాబట్టి బొగ్గు ఖరీదైన ఏడాది ఊకా ఖరీదవుతుంది. ఊకబూడిదలో ఎక్కువ భాగం సిలికా. పసుపు గుడ్డ మీద గీసి చూస్తే మచ్చ కనబడీ కనబడనట్టు ఉంది.

ఉగ్గాని ఎందుకు ఈ సీమ పలహారమైందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. మంటపని బట్టీలోనే అయిపోయింది, ఇంట్లో పొయ్యికి మిగిలింది తిరగమాతే. నలుగురికి పావుకిలో బొరుగులు నీళ్లలో వేసి, మెత్తబడగానే పిండి పక్కన పెట్టాలి. రెండు ఎర్రగడ్డలు, అయిదు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేయించి, బొరుగులు కలిపి, అరగిన్నె పుట్నాలపప్పు, ఎండుకొబ్బరి పొడి చల్లి దించి నిమ్మకాయ పిండాలి. పది నిమిషాలు, కాటా మీద 25 గ్రాముల గ్యాసు. పక్కన బజ్జీ లేకపోతే ఎవరూ తినరు, ఆ నూనె మూకుడు కింద మంట మాత్రం బండి ఎత్తేదాకా ఆరదు. బండివాళ్లు వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండరు, దాని ధర నెల మొదటి తారీఖున మారుతుంది. ప్లేటు రేటు పెంచితే జనం పక్క బండికి పోతారని, "బజ్జీ కొంచిం సన్నమైతాది, అంతే" అన్నాడు బండాయన, పిండిలో మిరపకాయ ముంచుతూ.

ఆంధ్రప్రదేశ్ సర్కారు దీపం-2 పథకం కింద ఇంటికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, మొత్తం 42.6 కిలోలు. మన కొలతలో 4,260 లీటర్ల మరిగే నీళ్లు, రోజుకు పన్నెండు లీటర్లకు కాస్త తక్కువ. సంగటి, పప్పు, పిల్లల స్నానం నీళ్లు కలిపి చూస్తే ఎంతవరకు వస్తుందో తెర ముందున్నవాళ్లు మనకన్నా త్వరగా లెక్కగట్టారు.

తెర బట్టీ సందులోనే కట్టడమైంది. రెండు పంచెలు కుట్టి, పైన కొంచెం ముందుకు వాల్చి, బొమ్మలకు ఈతముళ్లు. ఎడమ పక్క ధర్మవరం అడ్డగీతల గుడ్డ, కుడి పక్క పసుపు గుడ్డ. మూడు కుప్పలు వెలుతురుకు అడ్డంగా గాజుపలక మీద పెట్టాం: గ్యాసుకు బదులుగా పది గ్రాముల రాయి, అరవై గ్రాముల బొగ్గు, నూట యాభై గ్రాముల కట్టెముక్కలు. బల్బుకు దగ్గరగా పెడితే నీడ పెరుగుతుంది కాబట్టి మూడూ ఒకే దూరంలో ఉండాలి, లేకపోతే తూకం అబద్ధమాడుతుంది. పోలిగాడు, బంగారక్క, సిలిండరు చుట్టూ పిల్లి. పట్టీ సగం దాకా చక్కగా జారింది, అక్కడ ఆగిపోయింది. పక్కన వడ్లు ఉడికే తొట్టి ఆవిరికి తోలు మెత్తబడి దారపు కొక్కెంలో ఇరుక్కుంది. లాగేకొద్దీ బిగుసుకుంటోంది. బంగారక్క అరుస్తూనే ఉంది, సిలిండరు ఖాళీ కావడం లేదు.

ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఉగ్గాని ప్లేటు కింద పెట్టి, "సగం ఉండాది కదప్పా, ఇంగా పదైదు దినాలొచ్చాది. యాల అరుచ్చాది ఆ యమ్మ?" అంది.